పరుగుకో జోడు

మన సంసారాల్లో చెప్పుకు బొత్తిగా గౌరవం లేదు. గుమ్మం బయట విడిచిపెడతాం. గుళ్ళోకి వెళితే దేవుడి ఎదుట నిలబడి దాన్ని గురించే ధ్యానం చేస్తాం. ఎవరిమీదనైనా కోపం వస్తే దాని పేరు చెప్పి బెదిరిస్తాం. అంతకు మించి దానితో మనకు పనిలేదు. పట్టుచీర కోసం మూడు ఊళ్ళూ ముప్ఫై కొట్లూ తిరిగే ఇల్లాలు సైతం జోళ్ళ కొట్లో మూడు నిమిషాలు కూర్చోదు. కుర్రాడు పెట్టె విప్పుతాడు, కాలు దూరుస్తాం, దూరింది గనుక సరిపోయిందంటాం, రంగు ఒకసారి చూసుకుని, డబ్బిచ్చి వచ్చేస్తాం.

నడకకయితే ఈ పద్ధతి చెల్లుతుందేమో గాని, పరుగుకు చెల్లదు. పరుగెత్తేటప్పుడు అడుగు వేసిన ప్రతిసారీ పాదం మీద ఒంటిబరువుకు రెండు మూడు రెట్లు పడుతుంది. యాభై కిలోల పిల్ల పరుగెత్తితే క్వింటాలు నుంచి క్వింటాలున్నర దాకా ఒక్క పాదం మోస్తున్నదన్నమాట. అలాంటి అడుగులు కిలోమీటరుకు ఇంచుమించు వెయ్యి. చెప్పులో రాయి పడితే మనిషి పడే అవస్థ వేమన ఏనాడో చెప్పాడు గాని, రాయి లేకుండానే జోడు బాధపెట్టే రోజులు వస్తాయని ఆయన అనుకుని ఉండడు.

ఈ లెక్కలన్నీ మా ఇంట్లోకి మా మేనకోడలు వెంట వచ్చాయి.

మా చెల్లెల్ని ఇచ్చింది ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి చెట్లనూ జీడితోటలనూ పడగొట్టినప్పుడు వాళ్ళ తోటా పడిపోయింది. కొబ్బరి మొక్క నాటినవాడు మళ్ళీ కాయ కోయాలంటే ఏళ్ళు కాచుకోవాలి. ఆ కాచుకునే ఏళ్ళలోనే పిల్ల చదువుకుని డిగ్రీ అయిందనిపించింది. పోలీసు కానిస్టేబులు ఉద్యోగానికి తయారవుతానంటూ ట్రంకుపెట్టెతో విశాఖపట్నంలో మా ఇంట్లో దిగింది. "మావయ్యా, రాత పరీక్ష సంగతి నేను సూసుకుంటాను. పరుగు సంగతి మీరు సూడాలి" అన్నది.

పరుగంటే ఏమిటో తెలుసుకున్నాను. మన ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఇచ్చిన కానిస్టేబులు ప్రకటన ప్రకారం ఆడపిల్లలు 1600 మీటర్లు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేయాలి. అంటే 400 మీటర్ల చుట్లు నాలుగు. చుట్టుకు రెండు నిమిషాల ముప్ఫై ఏడున్నర సెకన్లు. రాతలో ఎన్ని మార్కులు వచ్చినా ఇక్కడ సెకన్లు దాటిపోతే ఆ పిల్ల ఇంటికి వెళ్ళవలసిందే. మావాళ్ళమ్మాయి మైదానంలో మొదటిసారి పరుగెత్తిన నాడు నేను గడియారం పట్టుకున్నాను. 11 నిమిషాల 52 సెకన్లు.

అప్పుడు ఆమె కాళ్ళకున్నవి బళ్ళో డ్రిల్లు క్లాసుకు వేసుకునే తెల్లగుడ్డ బూట్లు. వాటిని నేను కించపరచను. రబ్బరును గంధకంతో ఉడికించి గట్టిపరచడం ఛార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టిన నాటినుంచి ప్రపంచమంతా చాలాకాలం గుడ్డా రబ్బరూ కలిపిన జోళ్ళతోనే ఆటలాడింది, పరుగెత్తింది. కాని వాటి అడుగు ఉత్త రబ్బరు పలక. తారురోడ్డుకూ కాలి ఎముకకూ మధ్య అది చేసే మధ్యవర్తిత్వం స్వల్పం. మూడువారాలు తిరిగేసరికి పిల్లకు మోకాలి కింద, ముందువైపు ఎముక వెంబడి నొప్పి పట్టుకున్నది. డాక్టరుగారు నొక్కి చూసి, రెండువారాలు పరుగు మానమన్నారు. "దీనికి జోడొక్కటే కారణం కాదు. అలవాటు లేని పిల్ల ఒక్కసారిగా దూరం పెంచింది. దూరం మెల్లిగా పెంచండి, కాస్త మెత్తటి జోడు కొనండి. రెండూ చేయాలి సుమా, ఒకటి చేసి ఒకటి మానితే లాభం లేదు" అన్నారు.

జోడు కొనాలని తేలింది. ఎంతలో కొనాలన్నది తేలలేదు.

మా ఇంటావిడ ఆర్థికమంత్రి. "రెండువేలు పెట్టి జోళ్ళా! ఆ డబ్బుకు బియ్యం బస్తా వచ్చి, పప్పు కూడా వస్తుంది కదండీ" అన్నది. పక్కింటివారమ్మాయి బెంగుళూరులో ఇంజనీరు. ఆవిడ ఫోనులో, పద్నాలుగువేల కన్న తక్కువ జోడు కాళ్ళకు మంచిది కాదన్నది. బీచిరోడ్డు మీద రోజూ కలిసే పెద్దమనిషి ఒకాయన, జోళ్ళే అక్కర్లేదు, మన పూర్వులు వట్టి కాళ్ళతోనే పరుగెత్తారన్నాడు.

ముందు ఈ మూడో మాట సంగతి చూద్దాం. పెద్దమనిషి మాటలో నిజం లేకపోలేదు. 1960లో రోము ఒలింపిక్సులో ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా వట్టి కాళ్ళతో మారథాను పరుగెత్తి, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో బంగారు పతకం గెలిచాడు. అయితే కథ అక్కడితో ఆగలేదు. అదే బికిలా 1964లో టోక్యోలో జోళ్ళు తొడుక్కుని మళ్ళీ గెలిచాడు. ఈసారి మూడు నిమిషాలు తక్కువ పట్టింది. వట్టి కాళ్ళ గొప్పతనం చెప్పేవారు రోము దగ్గర ఆగిపోతారు, టోక్యో దాకా రారు. పైగా బికిలా పాదాలు చిన్ననాటినుంచి అలవాటుపడినవి. విశాఖపట్నం రోడ్డు మీద సీసాపెంకులూ ఉంటాయి.

ఇక పద్నాలుగువేల మాట. ధర ఎక్కువైతే జోడు మంచిదా? ఈ ప్రశ్నకు స్కాట్లండులో డండీ విశ్వవిద్యాలయంవారు పరీక్ష పెట్టి 2008లో జవాబు ప్రచురించారు. మూడు కంపెనీల జోళ్ళు, ఒక్కొక్క కంపెనీలో మూడు ధరలవి – నలభై పౌన్ల పైచిలుకు, అరవై పైచిలుకు, డెబ్బై పైచిలుకు – తెచ్చి, ఏది ఏమిటో తెలియకుండా మనుషులకు తొడిగి, అరికాలి మీద పడే ఒత్తిడి కొలిచారు. సుఖంగా ఉందో లేదో అడిగారు. తేలిందేమిటంటే, చవక జోళ్ళూ మధ్యరకం జోళ్ళూ ఖరీదు జోళ్ళతో సమానంగానే ఒత్తిడి తగ్గించాయి. సుఖంలోనూ ధర ప్రకారం తేడా కనబడలేదు. అయితే అవన్నీ పేరున్న కంపెనీల జోళ్ళేనన్నది గుర్తుంచుకోవాలి. సంతలో మూడువందలకు దొరికే నకిలీ సరుకును ఆ పరీక్ష మెచ్చుకోలేదు.

ఇది చదివి వినిపించేసరికి మా ఆవిడ మనసు కాస్త మెత్తబడింది. దానికితోడు సర్కారువారి పన్ను లెక్క ఒకటి కలిసివచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల లోపు జోడుకు జి.ఎస్.టి. అయిదు శాతం, అది దాటితే పద్ధెనిమిది. అంచేత హద్దు 2,500 అని తీర్మానం చేసుకుని, దసరాకు ముందు ఒక సాయంత్రం ముగ్గురం బయలుదేరాం.

సాయంత్రం అని ఊరికే అనలేదు. పగలంతా తిరిగిన పాదం సాయంత్రానికి కాస్త ఉబ్బుతుంది. పరుగులోనూ ఉబ్బుతుంది. పొద్దున్న సరిపోయిన జోడు పరుగులో బిగుస్తుంది. కాబట్టి సాయంత్రమే వెళ్ళాలి, పరుగుకు వేసుకునే మేజోళ్ళు వెంట తీసుకువెళ్ళాలి. ఇంటి దగ్గరే కాగితం మీద పిల్లను నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిలు గీసి కొలిచాను. ఎడమది 23 సెంటీమీటర్ల 4 మిల్లీమీటర్లు, కుడిది 23 సెంటీమీటర్ల 7. రెండు పాదాలు సమానంగా ఉండే మనుషులు తక్కువ. పెద్ద పాదానికి కొనాలి.

పొడుగు కన్నా వెడల్పు ముఖ్యమని ఆ బొమ్మ చూస్తేనే తెలిసింది. మడమ దగ్గర సన్నం, వేళ్ళ దగ్గర విసనకర్ర. పన్నెండేళ్ళు వచ్చేదాకా తోటలో చెప్పులు లేకుండా తిరిగిన పిల్ల. 2009లో ప్రచురించిన ఒక పరిశోధనలో, మన దేశంలో జన్మంతా చెప్పులు లేకుండా నడిచేవారి పాదాలనూ, జోళ్ళు తొడిగేవారి పాదాలనూ పోల్చి చూశారు. వట్టి కాళ్ళవారి పాదం ముందుభాగం వెడల్పు. బరువు అరికాలంతా సమానంగా సర్దుకుంటుంది. అలాంటి పాదాన్ని మొనదేలిన జోడులో కుక్కితే అంతకన్న అన్యాయం లేదు.

కొట్లో కుర్రాడు ముందుగా మెరిసే గులాబీరంగు జోడు తీశాడు. "మేడమ్ గారికి ఇది బాగుంటది సార్" అన్నాడు. రంగు సంగతి తరువాత, ముందు పరీక్ష అన్నాను.

ఆ పరీక్షలు చెబుతాను. రేపు మీ పిల్లలకు కొనేటప్పుడు పనికివస్తాయి. బల్ల మీద జోడు పెట్టి వెనకనుంచి చూడండి. ఒకపక్కకు ఒరిగిందంటే వద్దనండి. ముందూ వెనకా పట్టుకుని వంచండి. కాలివేళ్ళు వంగేచోట వంగాలి; నడుమ విరిగినట్టు వంగితే పనికిరాదు. మడమ వెనక గట్టికప్పు ఉంటుంది. బొటనవేలితో నొక్కితే అప్పడంలా అణిగిపోకూడదు. అడుగునున్న రబ్బరుకూ పాదానికీ మధ్యనుండే ఫోమును పక్కనుంచి నొక్కండి. అణగాలి, వెంటనే లేవాలి. అతుకుల వెంబడి వేలు పోనిచ్చి చూడండి. ఎక్కడైనా గోరు దూరితే ఆ అతుకు రెండు నెలలు నిలవదు. లోపలి మెత్త బయటికి లాగి నేలమీద పెట్టి, దానిమీద పాదం మోపండి. చిటికెనవేలు మెత్త అంచు దాటి నేలమీదికి దిగితే, లోపల ఆ వేలు గోడకు ఒరుసుకుంటుందన్నమాట. కడసారి, లేసులు బిగించి నిలబడి, అన్నిటికన్న పొడుగైన వేలి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉన్నదో లేదో చూడండి. ఆ పొడుగైన వేలు కొందరికి బొటనవేలు కాదు, దాని పక్కది.

గులాబీరంగు జోడు మెత్త పరీక్షలోనే పోయింది. రెండోది వంపు పరీక్షలో పోయింది. నాలుగోది అన్నిటా నెగ్గింది. బూడిదరంగు, చూడడానికి నదురుగా ఏమీ లేదు. అయిదో నంబరు. ఖరీదు 2,199 రూపాయలు. మా మేనకోడలు దాన్ని తొడుక్కుని కొట్టు ముందు కాలిబాట మీద ఆ చివరికీ ఈ చివరికీ పరుగెత్తి వచ్చింది. కుర్రాడు నోరు తెరుచుకు చూశాడు. "ఎలా ఉందమ్మా?" అన్నాను. ఒక నిమిషం ఆలోచించి, "ఏటీ తెలీట్లేదు మావయ్యా" అన్నది.

కుర్రాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు గాని, నేను వెంటనే డబ్బు తీశాను. జోడు గురించి ఏమీ తెలియకపోవడం కన్న కావలసిందేమున్నది? కెనడాలో బెన్నో నిగ్ అనే శాస్త్రవేత్త జన్మంతా పరుగు జోళ్ళను పరిశోధించి, 2015లో తన సహచరులతో కలిసి చెప్పిన మాట కూడా ఇటువంటిదే: ఈ జోడు పాదాన్ని సరిదిద్దుతుంది, ఆ జోడు మడమను అదుపు చేస్తుంది అనే సిద్ధాంతాలకు సరయిన ఋజువులు లేవు, మనిషి తన కాలికి సుఖంగా తోచిన జోడు ఎంచుకోవడమే మేలని వారి సూచన.

కంపెనీ పేరు చెప్పను. నేను రాస్తున్నది ప్రకటన కాదు. పైగా ఈ కంపెనీలవారు ఏటేటా జోడు పేరు మార్చకపోయినా లోపలి సరుకు మార్చేస్తారు. జోడు ఎలాంటిదో చెబుతాను. మా వంటింటి కాటా మీద ఒక్కొక్కటీ 231 గ్రాములు. పైన జాలీగుడ్డ. నడుమ ఈవీఏ అనే ఫోము – 1970ల నుంచి పరుగు జోళ్ళకు ప్రాణం ఇదే. లోపలంతా సన్నటి గాలిబుడగలు, అందువల్లనే తేలిక, అందువల్లనే మెత్తన. మడమవైపు ఎత్తు, వేళ్ళవైపు తక్కువ. అడుగున రబ్బరు అంతటా లేదు. మడమ దగ్గరా బొటనవేలి కిందా ముక్కలు అతికించారు, మిగతాది ఫోమే నేలకు తగులుతుంది. చవక జోడులో పొదుపు చేసింది ఇక్కడే.

ఇరవై వారాలు పరీక్ష జరిగింది. పిల్ల పరుగెత్తేది, నేను పుస్తకంలో రాసేవాణ్ణి. తేదీ, దూరం, నేల, వాన, కాలు ఏమన్నది – ఇవీ గళ్ళు. మొదటివారం 12 కిలోమీటర్లు, అదీ పరుగూ నడకా కలిపి. వారంవారం కొంచెం కొంచెం పెంచి, పదిహేనో వారానికి 35 దాకా తెచ్చాం. నాలుగో వారానికొకసారి తగ్గించేవాళ్ళం. డాక్టరుగారి మాట కదా!

విశాఖపట్నం జోళ్ళకు కఠినమయిన పరీక్షాధికారి. పెదవాల్తేరు నుంచి బీచికి దిగాలంటే పల్లం. తిరిగి రావాలంటే ఎక్కుడు. దిగేటప్పుడు పాదం ముందుకు జారి వేళ్ళు గోడకు గుద్దుకుంటాయి. అక్కడే ఆ బొటనవేలి ఖాళీ మనల్ని కాపాడుతుంది. ఎక్కేటప్పుడు మడమ జోడులోంచి లేస్తుంది. మొదటివారం ఇదే జరిగి, ఎడమ మడమ కాస్త ఒరిసింది. జోడు పైభాగాన లేసుకు ఒక రంధ్రం ఎప్పుడూ ఖాళీగా ఉండడం చూసే ఉంటారు. అది అలంకారం కాదు. లేసును అదే పక్క ఆ రంధ్రంలోకి దూర్చి చిన్న ఉచ్చులా వదిలి, రెండోపక్క లేసు కొస ఆ ఉచ్చులోంచి లాగి బిగిస్తే మడమ కదలదు. అలా కట్టాక మా పుస్తకంలో మడమ ప్రసక్తి రాలేదు.

బీచిరోడ్డు మీద కురుసుర జలాంతర్గామి దగ్గర మొదలుపెట్టి వుడాపార్కు వైపు పోయే తారుబాట మీద ఈ జోడుకు నూటికి ఎనభై మార్కులిస్తాను. మెత్తన అతిగా లేదు. మరీ మెత్తగా ఉంటే ఇసకలో పరుగెత్తినట్టు శ్రమ అవుతుంది. మైదానం మట్టిమీద డెబ్బైఅయిదు. ఇక వాన కురిసినప్పుడు కాలిబాట నున్నటి పలకల మీద ముప్ఫైఅయిదు మార్కులు, అవీ దయతలచి. రబ్బరు లేనిచోట తడిపలక తగిలితే ఫోము జారుతుంది. అక్టోబరు వానల్లో రెండుసార్లు పిల్ల నిలదొక్కుకోవలసివచ్చింది. ఆ తరువాత వాన పడ్డరోజు పలకలు వదిలి తారు మీదే పొమ్మన్నాను. తడి రోడ్డు మీద పరుగు తప్పనివారు అడుగున రబ్బరు ఎక్కువున్న జోడే వెతుక్కోవాలి.

జాలీగుడ్డకు గుణమూ దోషమూ ఒకటే: గాలి వస్తుంది, నీళ్ళూ వస్తాయి, సముద్రపు ఇసకా వస్తుంది. తడిసిన జోడును మా ఆవిడ మేడమీద ఎండలో పెట్టబోతే ఆపాను. ఎండకు ఫోము బిగుస్తుంది, జిగురు వదులుతుంది. లోపలి మెత్త తీసి, పాతపేపర్లు ఉండలుచుట్టి కూరి, నీడలో ఫాను కింద పెట్టాలి. రాత్రి ఒకసారి పేపర్లు మార్చాలి. అలా చేసినా మన తీరంలో గాలి తేమకు మర్నాటికి వేళ్ళ దగ్గర చెమ్మ మిగిలే ఉండేది. ఈ పనితో పేపరుకు కూడా రెండో జన్మ దొరికిందని మా ఆవిడ సంతోషించింది.

తొమ్మిదో వారంలో కుడిజోడు ముందు అతుకు వేలెడంత విడింది. రైతుబజారు పక్కన గొడుగు కింద కూర్చునే పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. నలభై ఏళ్ళుగా ఊరివారి కాళ్ళు చూస్తున్న మనిషి. జోడు చేతిలోకి తీసుకుని, అడుగు ముందు చూశాడు. "ఇది అమ్మాయిగారి జోడు కదా బాబూ. మడమ బయటిపక్క అరుగుతోంది. రెండూ సమానంగానే అరిగాయి, మంచిదే. ఒకటే అరిగితే నడకలో తేడా ఉన్నట్టు" అన్నాడు. కుట్టమంటే ఒప్పుకోలేదు. "వీటికి కుట్టు వెయ్యకూడదు బాబూ. కుడితే అడుగు బిగుసుకుపోద్ది, వంగదు. అతికించాలి" అన్నాడు. అంచు శుభ్రంగా గీకి, జిగురు రాసి, ఆరనిచ్చి, నొక్కి, దారంతో కట్టి, రేపటిదాకా విప్పొద్దన్నాడు. నలభై రూపాయలు. ఆ అతుకు మళ్ళీ విడలేదు. కంపెనీవారి అతుకు కన్న ఆయన అతుకే గట్టిదని నా పుస్తకంలో రాసుకున్నాను.

సంక్రాంతికి పక్కింటి ఇంజనీరమ్మాయి పద్నాలుగువేల జోడుతో వచ్చింది. అది పందెం జోడు. లోపల కార్బను పలక ఉంటుంది, ఎత్తయిన కొత్తరకం ఫోము ఉంటుంది. ఇలాంటి జోళ్ళు తొడిగితే మేటి పరుగుగాళ్ళకు శక్తి ఖర్చు సగటున నాలుగు శాతం తగ్గిందని 2017లో ప్రయోగశాలలో తేలింది. ఇవి ముదిరి అడుగులు మరీ ఎత్తవుతున్నాయని 2020లో ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ, రోడ్డు పందాల్లో అడుగు మందం 40 మిల్లీమీటర్లు దాటరాదని కట్టడి చేసింది కూడాను. ఆ అమ్మాయిదీ అయిదో నంబరే కావడం మా అదృష్టం. అడిగితే నవ్వి ఇచ్చింది.

కనుమ వెళ్ళాక మైదానంలో పరీక్ష పెట్టాను. మొదటిరోజు మా బూడిదరంగు జోడుతో 1600 మీటర్లు: 10 నిమిషాల 9 సెకన్లు. ఒకరోజు విశ్రాంతి. మూడోరోజు అదేవేళకు పద్నాలుగువేల జోడుతో: 10 నిమిషాల 4 సెకన్లు. అయిదు సెకన్లు. ఒక్క పరుగు ఋజువు కాదు. ఆ అయిదు సెకన్లు గాలివాటానికీ రావచ్చు, అరువు జోడు తొడిగిన ఉత్సాహానికీ రావచ్చు. పతకానికి పరుగెత్తేవారికి అయిదు సెకన్లు మహాసంపద. 10 నిమిషాల 30 సెకన్ల గీత దాటవలసిన పిల్లకు, దానికోసం వాళ్ళ నాన్న పన్నెండువేలు అదనంగా పోయనక్కర్లేదు. 11 నిమిషాల 52 సెకన్ల నుంచి 10 నిమిషాల 9 సెకన్ల దాకా తెచ్చింది ఏ జోడూ కాదు. చీకటితో లేచిన ఆ పదిహేను వారాల పొద్దులు. మరి రెండువేల జోడు ఏం చేసినట్టు? ఆ పొద్దుల్లో ఒక్కటి కూడా కాలినొప్పివల్ల పోకుండా చూసింది. రోజువారీ జోడుకు ఇంతకన్న ఉద్యోగం లేదు.

ఇప్పుడు గృహస్థుల లెక్క. ఈరకం జోడు అయిదారువందల కిలోమీటర్లు, మహా అయితే ఎనిమిదివందలు పనికివస్తుందని సాధారణంగా చెబుతారు. ఆ తరువాత పైకి బాగానే కనిపిస్తుంది గాని, ఫోములో బుడగలు అణగారిపోతాయి. మా జోడు ఇరవై వారాల్లో 560 కిలోమీటర్లు నడిచింది. 2,199 రూపాయలూ, అతుకు నలభై కలిపి, కిలోమీటరు ఒక్కింటికి నాలుగు రూపాయలు పడింది. పద్నాలుగువేల జోడు అంతే దూరం వస్తే కిలోమీటరుకు పాతిక రూపాయలు. పందెం జోళ్ళు అంతదూరం రావడమూ అరుదే. మూడువందల గుడ్డబూట్లు కిలోమీటరుకు రూపాయి లోపే పడతాయి, కాని వాటితోపాటు వచ్చే డాక్టరు ఖర్చూ, పోయే రెండువారాల సాధనా ఎవరి ఖాతాలో రాయాలి? వెల చీటీ మీద ఇవేవీ ఉండవు. జోడు ధరను దూరంతో భాగించి చూడడం మన ఇళ్ళలో అలవాటు చేసుకోవలసిన లెక్క.

జోడు ముసలిదయిందని ఎలా తెలుస్తుందని మా ఆవిడ అడిగింది. ఫోము పక్కభాగాన అడ్డంగా ముడతలు పడి అవి పోకుండా నిలిచిపోతాయి. బొటనవేలితో నొక్కితే ఇదివరకులా లేవదు. బల్ల మీద పెడితే మడమ ఒరుగుతుంది. అన్నిటికన్న ముఖ్యం, ఇన్నాళ్ళూ నోరెత్తని కాలు మాట్లాడడం మొదలుపెడుతుంది. ఇరవయ్యో వారంలో, "మావయ్యా, నేల గట్టిగా తగులుతోంది" అన్నది మా మేనకోడలు. పుస్తకం తీసి చూశాను. పద్దెనిమిది వారాలుగా కాలు గురించి ఒక్క మాటా లేదు. ఆ వారంలోనే రెండుసార్లు ఉంది.

మర్నాడు సాయంత్రం మళ్ళీ అదే కొట్టుకు వెళ్ళాం. అదే జోడు, అదే నంబరు. పేరు పక్కన అంకె ఒకటి పెరిగింది, ధర నూరు రూపాయలు పెరిగింది. పేరు పాతదే గదా అని నేను పరీక్షలు మానలేదు. ఒంపు, ఒరుగు, అతుకు, మెత్త అన్నీ చూశాను. ఈసారి డబ్బు తానే ఇస్తానని మా బావగారు పట్టుబట్టి, ఉద్దానం నుంచి ఫోనులో పంపించారు. కొత్త మొక్కలు ఈ ఏడు కాపుకొచ్చాయట. మొదటి కొబ్బరికాయలు అమ్మిన డబ్బట. వద్దనడానికి నోరు రాలేదు.

ఇప్పుడు పిల్ల 9 నిమిషాల 46 సెకన్లలో నాలుగు చుట్లూ ముగిస్తున్నది. ప్రకటన కోసం పేపరు చూస్తున్నాం. పాత జోడు పారేయలేదు. పరుగుకు పనికిరాకపోయినా నడకకు ఇంకా ఏడాది వస్తుందని పెద్దాయన చెప్పాడు. అది ఇప్పుడు మా ఆవిడ కాళ్ళకుంది. రెండువేలకు బియ్యం బస్తా వస్తుందన్న మనిషి రోజూ పొద్దున్న దాన్ని తొడుక్కుని రైతుబజారుకు వెళ్ళి కూరలు తెస్తున్నది. ఎలా ఉందే అని అడిగాను.

"ఏముందండీ, ఉన్నట్టే తెలియడం లేదు" అన్నది.